చుక్క లేని ఐ

రాజమహేంద్రవరం
జూలై 8, మంగళవారం

ఆ చుక్కలు పెట్టింది నువ్వు. నేను పెట్టానని కాగితం మీద సంతకం చేసింది కూడా నువ్వే.

పైన ప్రియమైన అని రాయకపోవడం మర్చిపోయి కాదు. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు చూశాను, ఆ మాట రాలేదు, వదిలేశాను. ఫోన్‌లో నన్ను బ్లాక్ చేశావు కాబట్టి ఈ ఉత్తరం. స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. పోస్ట్‌మాన్ నీ చేత సంతకం పెట్టించుకుని ఇస్తాడు. సంతకాలు నీకు అలవాటే కదా.

నేను బాగానే ఉన్నాను. నువ్వు అడగవని తెలుసు, అయినా రాస్తున్నా. గోకవరం బస్టాండ్ దగ్గర ఒక జిరాక్స్, టైపింగ్ షాపులో కుదిరాను. హాస్టల్లో ఉంటున్నాను. పొద్దున్నే లేస్తాను, పెట్టింది తింటాను, ఏం తిన్నానో మధ్యాహ్నానికి గుర్తుండదు. ఏడుపు రాదు. మొదటి వారం నిన్ను తలుచుకుంటే పళ్ళు కొరికేదాన్ని, ఇప్పుడు అదీ లేదు. పన్ను పీకేముందు మత్తింజెక్షన్ ఇస్తారు చూడు, లాగుతున్నట్టు తెలుస్తుంది గానీ నొప్పి ఉండదు. అలా ఉంది. ఆ మత్తు దిగకముందే ఈ ఉత్తరం పూర్తి చెయ్యాలి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నీకు తెలియదని కాదు. తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఒక్కసారి నా చేతిరాతలో చదువు.

నరసాపురంలో గోపాలరాజుగారి లేసు ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో మనిద్దరివీ పక్కపక్క కుర్చీలు. నువ్వు బిల్లులు కొట్టేదానివి, నేను మా అమ్మా మీ అమ్మా ఇంకా నలభైమంది ఆడవాళ్ళూ అల్లి తెచ్చిన లేసులు చూసి, కట్టలు కట్టి, చీటీ అంటించేదాన్ని. ఇంటర్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పినదానికి అంతకంటే పెద్ద పని ఎవరిస్తారు? ఆ ఇంగ్లీషు నాకెందుకు ఎక్కలేదో తెలియదు. ఫోన్‌లో టర్కీ సీరియళ్ళు చూసీ చూసీ టర్కీ భాష మాత్రం ఎక్కింది. ఎవరూ నేర్పలేదు. అది మనలాగే క్రియని వాక్యం చివరికి నెడుతుంది. ఇంట్లో అనాలంటే ఎవ్‌దె అంటారు. ఎవ్ అంటే ఇల్లు, దె అంటే లో. తెలుగులో ఎలా అతుకుతామో అలాగే అతుకుతారు. మనం పేరు తర్వాత గారు పెట్టినట్టు వాళ్ళు ఆడవాళ్ళ పేరు తర్వాత హనుమ్ పెడతారు. "హనుమ్ ఏంటే, హనుమంతుడి చెల్లెలా?" అని నువ్వు నవ్వితే టీ ముక్కులోకి పోయింది నీకు. అది నాకు గుర్తుంది. గుర్తుండకపోతే బాగుండును.

మన సరుకు కొనే బుర్సా ఊరి నెర్మిన్ హనుమ్‌కి మొదటిసారి నేను టర్కీలో రెండు ముక్కలు రాసిన రోజు పది నిమిషాల్లో జవాబొచ్చింది. చివర్లో ఆవిడ రాసిన మాట నీకు చదివి చెప్పాను. మీ చేతులకు ఆరోగ్యం. చేత్తో చేసిన పని చూస్తే వాళ్ళు అలా అంటారట. మా అమ్మకి చెప్తే లేసు సూది ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ తిరగేసి చూసుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అల్లుతోంది, ఆ చేతుల బాగు ఎవరూ అడగలేదు మరి. తర్వాత నెలకి ఆర్డర్ రెండింతలయ్యింది. రాజుగారు నన్ను కట్టల పని మాన్పించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

ఆ కంప్యూటర్ నీకు తెలుసు. కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు తప్ప లేవు. టర్కీ వాళ్ళకి ఆరు అక్షరాలు వేరే ఉన్నాయి. వాటిని నెర్మిన్ హనుమ్ మెయిళ్ళలోంచి ఏరుకొచ్చి ఒక ఫైల్లో పెట్టుకున్నాను. "ఇవి అక్షరాలా, బియ్యంలో పురుగులా? ఒకదానికి తోక, ఇంకోదానికి టోపీ" అన్నావు. ఆ ఫైలుకి పురుగులు అని పేరు పెట్టింది నువ్వే. మెయిల్లో అలాంటి అక్షరం వచ్చిన ప్రతిసారీ ఆ ఫైలు తెరిచి, దాన్ని కాపీ చేసుకుని, తెచ్చి అతికించేదాన్ని. పది లైన్లకి గంటన్నర. టర్కీ కీబోర్డు ఎక్కించమని మేనేజర్ మురళీకృష్ణ గారిని మూడుసార్లు అడిగాను.

"సిస్టంలో కొత్తవి ఎక్కించకూడదమ్మా. కంప్యూటర్ బిగించిన భీమవరం ఆయన పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళాడు. ఏదన్నా అయితే రాజుగారికి ఎవరు చెప్తారు, నువ్వా? ఉన్నవాటితో కానిచ్చెయ్."

కానిచ్చాను.

వాళ్ళకి ఐ అక్షరాలు రెండు. i అని చుక్క ఉన్నది ఒకటి, ı అని చుక్క లేనిది ఒకటి. రెండూ వేరు. నీకు అర్థం కాకపోతే తెలుగులో చెప్పాను కదా, పదికి సున్న పెడితే లెక్కల్లో వంద, రాతలో పంది అని. "అయితే మన నలభైమందికీ సున్న తగలకుండా చూడవే" అన్నావు. ఎంత తెలివిగా అన్నావో చూడు.

జూన్‌లో నెర్మిన్ హనుమ్ అడిగింది, అల్లిక ఎంత బిగువుగా ఉంటుందని. మా ఆడవాళ్ళు చాలా బిగువుగా అల్లుతారండీ అని రాశాను. బిగువుకి వాళ్ళ మాట sıkı. రెండూ చుక్క లేని ఐ లే. ఆ రెండింటికీ చుక్క పెడితే మగాడి ఒంటి మీద బూతు అవుతుంది. నా చేత్తో రాసే ఉత్తరంలో అంతకంటే విప్పి చెప్పను. ఆ మెయిల్ ఒక్కొక్క పురుగునీ ఏరి అతికించి, రెండుసార్లు చదువుకుని, పంపకుండా ఉంచాను. మర్నాడు అమ్మ కళ్ళు చూపించడానికి భీమవరం వెళ్ళాలి. "సాయంత్రం వచ్చి ఇంకోసారి చూసుకుని పంపుతా, దాన్ని ముట్టుకోకు" అని నీకే చెప్పాను.

ముట్టుకున్నావు. రాజుగారి ఫైలుకి ప్రింట్ తీస్తే పురుగుల చోట డబ్బాలు పడ్డాయి. మురళీకృష్ణ గారు "ఆ పిచ్చి గీతలు తీసేసి మామూలు అక్షరాలు పెట్టమ్మా, ఇవాళే వెళ్ళిపోవాలి" అన్నారు. ఒక్క నొక్కుడుతో అన్నీ మార్చేశావు. నాకెలా తెలుసంటే, నువ్వే చెప్పావు. భీమవరం ఆసుపత్రిలో అమ్మ కళ్ళలో చుక్కలు వేయించుకుని కూర్చుంటే నీ మెసేజ్ వచ్చింది. ప్రింట్‌లో డబ్బాలు పడ్డాయి, సార్ మార్చమంటే పురుగులు తీసేశా, మెయిల్ వెళ్ళిపోయింది, నువ్వు రెస్ట్ తీసుకో అని. మూడో రోజున ఆ మెసేజ్ చెరిపేశావు. చెరిపేసినట్టు బూడిదరంగు గీత మాత్రం నా ఫోన్‌లో ఉంది.

ఆ మూడో రోజు మధ్యాహ్నం అందర్నీ పిలిచారు. మురళీకృష్ణ గారి చేతిలో నెర్మిన్ హనుమ్ జవాబు ప్రింటు. కాగితం సగానికి మడిచి ఉంది. పై సగం నాకు చూపించారు. ఆ మాటకి చుక్క పెడితే ఏమవుతుందో ఆవిడ రాసింది, అది నిజమే. చేతికి ఇవ్వండి సార్, మొత్తం చదువుతాను అంటే "చాల్లే, చదివింది చాలు" అన్నారు. మెట్ల మీద మన ఆడవాళ్ళు. ఈ అమ్మాయి కొనేవాళ్ళకి బూతులు రాసింది, ఆర్డర్ పోయింది, ఈ నెల దారం లేదు అని మురళీకృష్ణ గారు వాళ్ళకి చెప్పారు. "ఇంటర్ తప్పిన పిల్లకి కుర్చీ ఇస్తే ఇంతే" అని రాజుగారు నన్ను చూడకుండా అన్నారు. మెయిల్ నేనే కొట్టి నేనే పంపానని రాసిన కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టావు. నా పెన్నుతో. క్యాప్ కూడా పెట్టి తిరిగి నా టేబుల్ మీదే ఉంచావు.

ఇంటికెళ్ళేసరికి అమ్మకి తెలిసిపోయింది. అన్నం పెట్టి, నేను తినడం అయ్యేదాకా ఆగి, "ఏం బూతమ్మా అది?" అని అడిగింది. చెప్పలేకపోయాను. చెప్పలేదు కాబట్టి నిజమే అనుకుంది. తిట్టలేదు. కంచం తీసుకెళ్ళి కడిగింది.

ఇప్పుడు చర్చిలో అమ్మ పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. మీ అమ్మ ప్రసన్నకుమారి పిన్ని కూడా బెంచీ మారిందట. ఉద్యోగం నాకొద్దు. అమ్మ పక్కన మళ్ళీ మనుషులు కూర్చోవాలి.

అందుకని నువ్వు ఒక పని చెయ్యాలి. చుక్కలు మార్చింది నువ్వని, మార్చమన్నది మురళీకృష్ణ గారని తెల్లకాగితం మీద రాసి రాజుగారికి ఇవ్వు. ఒక కాపీ ఈ అడ్రసుకి పంపు. సోమవారం, 14వ తేదీ సాయంత్రంలోగా నాకు అందాలి.

వినీల

*

రాజమహేంద్రవరం
జూలై 16, బుధవారం

సారికా,

సోమవారం వెళ్ళిపోయింది. ఉత్తరం నీకే అందినట్టు పోస్టాఫీసు వాళ్ళు ఫోన్‌కి మెసేజ్ పంపారు. జవాబు నీ దగ్గర్నుంచి రాలేదు, బుర్సా నుంచి వచ్చింది. దానివల్ల నేను పోయిన ఉత్తరంలో రాసినవాటిలో కొన్ని తప్పని తెలిసింది. తప్పయినవి దిద్దుకుంటున్నాను. నువ్వు చేసింది చిన్నదై పోలేదు. వేరేది అయింది.

సోమవారం సాయంత్రం దాకా చూసి, షాపు ఓనర్ రమేష్ బాబు గారిని అడిగాను, ఈ కంప్యూటర్‌లో టర్కీ కీబోర్డు పెట్టుకోవచ్చా అండీ అని. ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే ఎడమచేత్తో నాలుగుచోట్ల నొక్కి "ఇదిగోమ్మా" అన్నారు. ఒక్క నిమిషం. ఏడాదిపాటు ఆ పురుగుల ఫైలు తెరిచాను సారికా. ఒక్క నిమిషం పని. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. థాంక్సండీ అన్నాను.

కీల మీద రాసి ఉన్నది ఒకటి, పడేది ఒకటి. ఇంగ్లీషు ఐ నొక్కితే చుక్క లేనిది పడుతుంది. చుక్క ఉన్నది కావాలంటే ఎంటర్ పక్కన కీ నొక్కాలి. కీబోర్డు చూస్తే తప్పు వస్తుంది, చూడకపోతే రాదు. అలా చూడకుండా నెర్మిన్ హనుమ్‌కి రాశాను. క్షమించండి, ఆ మాట నేను రాసింది కాదు, అయినా నా పేరు కింద వచ్చింది కాబట్టి నాదే, మా ఆడవాళ్ళని మాత్రం తప్పు పట్టకండి అని. మర్నాడు పొద్దున్నే జవాబు. ఆ మడత పెట్టిన కాగితంలో కింది సగం ఏముందో ఇప్పుడు నాకు తెలుసు. నీకు అప్పుడే తెలుసు. ఆ ఆఫీసులో ఫోన్‌లో పెట్టి అనువాదం చూడగలిగేది నువ్వొక్కదానివే.

ఆవిడ రాసింది తెలుగులో పెడుతున్నాను.

"కుజుమ్ వినీలా (అంటే అమ్మాయ్ అని), ఆ మాట చూసి నేనూ మా షాపులో పిల్లలూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. జాగ్రత్త చెప్పడానికి రాశానంతే. మా దేశంలో సగం మంది ఫోన్‌లో చుక్కలూ తోకలూ లేకుండానే రాసుకుంటారు, ఎదుటి మనిషి తెలుసు కాబట్టి చదువుకుంటాం. చుక్క కోసం ఎవరైనా ఆర్డర్ ఆపుతారా? నేను ఆపింది మీరు పంపిన సరుకు చూసి. చేత్తో అల్లిన దానికి వెనకాల ఎక్కడో ఒకచోట ముడి దొరుకుతుంది. ఈసారి వచ్చిన నూట ఇరవై టేబుల్ గుడ్డల్లో ఒక్కదానికీ ముడి లేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. చేతులు అంత ఒకేలా అల్లవు. అది మిషను లేసు. అదే మెయిల్లో కింద రాశాను, ఎవరూ జవాబు ఇవ్వలేదు."

ఇది అమ్మకి ఫోన్‌లో చదివాను. ఇంకోసారి చదవమంది. తర్వాత "మే నెలలో మనకి దారమే సరిగ్గా ఇవ్వలేదు కదే, మరి బస్తాలెలా వెళ్తున్నాయా అనుకున్నాను" అంది. ఇంకాసేపటికి, "అయితే ఆవిడ ముడి వెతికిందన్నమాట" అంది. అమ్మ గొంతు అలా విని నెల దాటింది.

చుక్క లేకపోయినా చదువుకుంటాం అని ఆవిడ అన్నప్పుడు నాకు సిగ్గేసింది. నాకు తట్టాల్సింది. నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపుతావు. kallu mandutunnayi అని పెడితే నీ కళ్ళు మండుతున్నాయనే అనుకున్నాను గానీ, కల్లు ముంతకి నిప్పంటుకుందని అనుకోలేదు. ఇన్నేళ్ళుగా నీ రాతలో ఏ గుర్తూ లేదు, ఒక్కసారీ తప్పు చదవలేదు. అలాంటిది ఒక్క చుక్కకి ఇంత కథ నిజమని నమ్మేశాను. మురళీకృష్ణ గారు నమ్మించారు, నేను నమ్మాను. నెల రోజులు చుక్క చుట్టూ తిరిగాను. మిషను లేసు ఊసు ఎవరూ ఎత్తకుండా ఉండడానికి ఆయనకి కావలసింది అదే.

ఇక్కడిదాకా చదివి నీ మీద ఇంకా రెండు పేజీలు తిట్లు రాయడానికి పెన్ను తీశాను. అప్పుడు ఆవిడ మెయిల్ ఇంకా అయిపోలేదని చూశాను. చివర్లో ఇలా ఉంది.

"మీ ఆఫీసు నుంచి ఇంకో అమ్మాయి కూడా నాకు రాసింది. పేరు పెట్టలేదు. Vinila susuz అని రాసింది. వినీలకి నీళ్ళు లేవు అని అర్థం. నది పక్క ఊరని చెప్పావు కదా, నీళ్ళ కరువు ఏమిటా అని కంగారుపడ్డాను. ఇంకోసారి చదివాక తెలిసింది. మధ్యలో ఒక అక్షరం, దాని తోక, రెండూ పోయాయి. ఆ పిల్ల రాయాలనుకుంది suçsuz. వినీల నిర్దోషి. దాని కింద ఇంకో ముక్క ఉంది, నేను చేశాను అని. ఆ అమ్మాయి ఎవరో గానీ నీకు స్నేహితురాలు అయి ఉంటుంది."

జూన్‌లో ఆఫీసుకి రాసిన తన మెయిలూ, నీ మెయిలూ కూడా ఆవిడ కింద అతికించింది. నీదాని మీద తేదీ ఉంది, టైము ఉంది. మన టైముకి మూడూ పదిహేను. నువ్వు సంతకం పెట్టింది మూడు గంటలకి. నేను నా టిఫిన్ డబ్బా, చెప్పులు, చున్నీ తీసుకుని మెట్లు దిగుతున్నప్పుడు నువ్వు నా కుర్చీలో కూర్చుని ఉన్నావు. కుర్చీ కోసమే అనుకున్నాను. నెల రోజులుగా కళ్ళు మూసుకుంటే కనిపించింది అదే, నా కుర్చీలో నీ వీపు. నువ్వు అప్పుడు ఆ మాట కోసం వెతుకుతున్నావా? తోక దొరక్క వదిలేశావా? పురుగుల ఫైలు అక్కడే ఉంది కదే, తెరవాల్సింది.

నిన్న షాపులో ఒకామె అఫిడవిట్ కొట్టించుకోవడానికి వచ్చింది. మధ్యలో నా చేతులు ఆగిపోయాయి. "ఏంటమ్మా, కరెంటు పోయిందా?" అని అడిగింది. లేదండీ అన్నాను. ఏం జరిగిందో చెప్పలేను. మత్తు దిగుతున్నప్పుడు పెదవి దగ్గర చిమచిమలాడుతుంది చూడు, ముందు అక్కడ మొదలవుతుంది.

నిన్ను క్షమించానని రాయడం లేదు. ఆ రెండు ముక్కలూ నువ్వు రాసింది మన ఇద్దరి అమ్మలకీ రాని భాషలో, మూడు సముద్రాల అవతల ఉన్న మనిషికి. నీకు టర్కీ నాలుగు మాటలు వచ్చు. వాటితో నిజం చెప్పావు. తెలుగు మొత్తం వచ్చు, దాంతో మెట్ల మీద నిలబడ్డ మీ అమ్మకి చెప్పలేకపోయావు. నీ జీతం మీదే ఇల్లు నడుస్తోందని, మీ నాన్న లాజరు బాబాయి మంచం మీద ఉన్నాడని తెలుసు. అది తెలియనట్టు నటించి ఈ ఉత్తరం రాయడం లేదు. చెప్తే నీ ఉద్యోగం పోతుంది. పోతుంది, అబద్ధం ఆడను. ఇక్కడ రెండో కంప్యూటర్ ముందు కుర్చీ ఖాళీగా ఉంది. ఆ మాట ఈ ఉత్తరంలో రాయకూడదు అనుకున్నాను, రాసేశాను, కొట్టేయను.

నెర్మిన్ హనుమ్ ఒక్కటే అడిగింది. ఆ నలభైమందీ ఇంకా అల్లుతారా, అల్లేట్టయితే రాజుగారితో పని లేకుండా నేరుగా తీసుకుంటాను, వచ్చే సోమవారానికి చెప్పు అని. నేను చెప్తే మన ఆడవాళ్ళు నమ్మరు. బూతు రాసినదాన్ని కదా. నా పేరు కింద సాక్షి సంతకం ఉన్నది నీది. నువ్వు చెప్తేనే నమ్ముతారు.

ఆవిడ రెండు మెయిళ్ళూ తెలుగు చేసి ఈ కవరులో పెట్టాను. మడవకుండా పెద్ద కవరు కొన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల కూటంలో నువ్వు లేచి నిలబడి, మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవాలి. కింది సగం కూడా. నీ రెండు ముక్కలు కూడా. నేను పొద్దున్న మొదటి బస్సుకి వచ్చి అమ్మ పక్కన కూర్చుంటాను. నువ్వు చదవకపోతే నేను లేచి చదువుతాను, అప్పుడు నీ మాట నా నోట వింటారు. అది నీకూ బాగుండదు, నాకూ బాగుండదు.

చదువుతావో లేదో శనివారం సాయంత్రం ఐదు గంటల్లోపు చెప్పు. బ్లాక్ తీసి మెసేజ్ పెట్టు. చుక్కలూ గుర్తులూ ఏమీ లేకపోయినా ఫరవాలేదు, నేను చదువుకుంటాను.

నీ
వినీల